ఒక్క మందు చాలని వ్యాధి

రోగాలన్నింటి నడక ఒకే తీరుగా ఉండదు. కొన్ని ఏళ్ల తరబడి శరీరంలో మరుగున ఉండి మెల్లగా బయటపడతాయి. మరికొన్ని వారాల వ్యవధిలోనే మనిషిని మంచం పట్టిస్తాయి. ఊపిరితిత్తులకు వచ్చే క్యాన్సర్లలో ఈ రెండో కోవకు చెందినది ఒకటి ఉంది. వైద్యులు దానిని ‘స్మాల్ సెల్ క్యాన్సర్’ అంటారు. చిన్న కణాల క్యాన్సర్ అని తెలుగులో చెప్పుకోవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో సుమారు పదిహేనుమందిలో మాత్రమే ఈ రకం కనిపిస్తుంది. సంఖ్యలో తక్కువైనా వేగంలో మిగిలిన రకాలను ఇది మించిపోతుంది. చికిత్స అందని రోగులలో సగంమంది రెండు నుంచి నాలుగు నెలలలోపే మరణించేవారు.

ఇంతటి ఉగ్రమైన వ్యాధి ఈనాడు కొందరిలోనైనా పూర్తిగా నయమవుతున్నది. ఆ ఘనత ఏ ఒక్క మందుకో, ఏ ఒక్క వైద్యునికో చెందదు. వేర్వేరు చికిత్సలను తగిన సమయంలో, తగిన మోతాదులో జతచేయడం నేర్చుకున్నందువల్ల ఈ ఫలితం లభించింది. దీనినే సంయుక్త చికిత్స అంటారు. ఆ కలయిక ఎలా రూపుదిద్దుకున్నదో తెలుసుకోవడం ఒక వ్యాధి చరిత్రను మాత్రమే కాక, వైద్యశాస్త్రం తన పొరపాట్లను దిద్దుకునే పద్ధతిని కూడా తెలుసుకోవడమే.

వ్యాధి స్వభావం

సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఈ క్యాన్సర్ కణాలు చిన్నవిగా, ఒకదానికొకటి ఒత్తుకొని, ఓట్ ధాన్యపు గింజల ఆకారంలో కనిపిస్తాయి. అందువల్ల పూర్వం దీనికి ‘ఓట్ సెల్ క్యాన్సర్’ అనే పేరు కూడా ఉండేది. రెండు ఊపిరితిత్తుల నడుమ పెరిగే ఈ గడ్డలను తొలినాళ్లలో వేరే జాతి కణితులుగా భావించారు. అవి నిజానికి శ్వాసనాళంలో పుట్టిన క్యాన్సర్లేనని 1926లో లండన్‌కు చెందిన విలియం బర్నార్డ్ అనే వైద్యుడు నిరూపించాడు.

ఆరోగ్యకరమైన కణం తన ఇష్టం వచ్చినట్లు విభజన చెందదు. దానిని అదుపులో ఉంచే జన్యువులు కొన్ని ఉంటాయి. వాటిలో ‘ఆర్‌బి1’ అనేది కణవిభజనకు కళ్లెం వంటిది. ‘టిపి53’ అనేది కావలివాడి వంటిది. దెబ్బతిన్న కణాన్ని ఇది ముందుకు సాగనీయదు. బాగుచేయడానికి వీలుకాకపోతే నశింపజేస్తుంది. చిన్న కణాల క్యాన్సర్‌లో దాదాపు ప్రతి రోగిలోనూ ఈ రెండు జన్యువులూ పనిచేయకుండా పోతాయి. కళ్లెమూ లేక, కావలీ లేక కణాలు విపరీతమైన వేగంతో పెరుగుతాయి. రక్తం ద్వారా, శోషరస గ్రంథుల ద్వారా కాలేయానికి, ఎముకలకు, మెదడుకు చేరుతాయి.

ఈ వ్యాధి లక్షణాలు తొలుత సామాన్యంగానే ఉంటాయి. విడవని దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లెలో రక్తపు చార, గొంతు బొంగురుపోవడం, బరువు తగ్గడం వాటిలో ముఖ్యమైనవి. ఛాతీలోని పెద్ద సిరపై గడ్డ ఒత్తిడి కలిగిస్తే ముఖమూ మెడా ఉబ్బుతాయి. కొన్ని కణాలు హార్మోన్ల వంటి పదార్థాలను స్రవించి రక్తంలో సోడియంను తగ్గిస్తాయి. అప్పుడు రోగి మగతగా, అయోమయంగా ఉంటాడు. భారతదేశంలో క్షయవ్యాధి అధికంగా ఉండటంవల్ల ఇటువంటి దగ్గును క్షయగా పొరబడి, నెలల తరబడి ఆ మందులే వాడే సందర్భాలు ఉన్నాయి. నెమ్మదిగా పెరిగే వ్యాధిలో ఆ ఆలస్యాన్ని కొంతవరకు సవరించుకోవచ్చు. ఇక్కడ ఆ కొద్ది నెలలే జీవన్మరణాలను నిర్ణయిస్తాయి. కాబట్టి మందులు వాడినా తగ్గని దగ్గు విషయంలో సి.టి. స్కాన్ తీయించడం, అవసరమైతే గొట్టం ద్వారా శ్వాసనాళంలోని చిన్న ముక్కను తీసి పరీక్షించడం ఎంతో అవసరం.

చికిత్స నిర్ణయించే ముందు వైద్యులు ఈ వ్యాధిని రెండు దశలుగా విభజిస్తారు. వ్యాధి ఛాతీలో ఒక పక్కకే పరిమితమై, కిరణాలు ప్రసరింపజేయదగిన ఒకే ప్రదేశంలో ఇమిడి ఉంటే అది పరిమిత దశ. ఆ హద్దు దాటి పోతే అది విస్తృత దశ. దురదృష్టవశాత్తు ప్రతి ముగ్గురు రోగులలో ఇద్దరు ఆసుపత్రికి చేరేనాటికే విస్తృత దశలో ఉంటారు.

కత్తి ఓడిపోయిన చోట

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు తొలి విజయవంతమైన చికిత్స శస్త్రచికిత్సే. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహం అనే శస్త్రవైద్యుడు ఒక రోగికి క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించాడు. ఆ రోగి కూడా వైద్యుడే. శస్త్రచికిత్స తరువాత ఆయన దాదాపు మూడు దశాబ్దాలు జీవించాడు. దానితో ఊపిరితిత్తుల గడ్డ ఏదైనా కోసి తీసివేయదగినదేనన్న విశ్వాసం వైద్యలోకంలో బలపడింది.

చిన్న కణాల క్యాన్సర్ ఆ విశ్వాసాన్ని వమ్ము చేసింది. గడ్డను సమూలంగా తొలగించినా కొద్ది నెలలకే వ్యాధి మరోచోట తలెత్తేది. బ్రిటన్‌లోని వైద్య పరిశోధన మండలి ఈ సమస్యను తేల్చడానికి ఒక పరీక్ష నిర్వహించింది. 144 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి శస్త్రచికిత్సను, మరొక వర్గానికి కిరణ చికిత్సను నిర్ణయించారు. పదేళ్ల పరిశీలన అనంతరం 1973లో వెలువడిన ఫలితాల ప్రకారం శస్త్రచికిత్స వర్గంవారు సగటున 199 రోజులు, కిరణ చికిత్స వర్గంవారు సగటున 300 రోజులు జీవించారు.

ఈ ఫలితం రెండు సత్యాలను తెలిపింది. ఈ వ్యాధిలో కత్తికంటే కిరణమే మేలన్నది మొదటిది. ఆ మేలు కూడా ఏడాది నిండనంత స్వల్పమైనదన్నది రెండవది. కారణం స్పష్టమే. కంటికి కనిపించే గడ్డ ఛాతీలో ఉన్నా, కంటికి కనిపించని కణాలు అప్పటికే శరీరమంతటా వ్యాపించి ఉంటాయి. కత్తి అయినా, కిరణం అయినా ఒక్క చోటనే పనిచేస్తాయి. శరీరమంతటా తిరిగే శత్రువును ఎదుర్కోవడానికి శరీరమంతటా తిరిగే మందు కావలసి వచ్చింది. ఈనాడు కూడా శోషరస గ్రంథులకు పాకని అతిచిన్న గడ్డ దొరికిన కొద్దిమందికి మాత్రమే శస్త్రచికిత్స చేస్తారు. వారికి సైతం ఆ తరువాత మందులు తప్పవు.

కలయికలోని బలం

క్యాన్సర్‌ను మందులతో అణచవచ్చునన్న ఆశకు ప్రాణం పోసినవారిలో తెలుగువాడు ఒకడున్నాడు. ఆయనే 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే రసాయనాలను తయారుచేసింది. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని అడ్డుకుంటే క్యాన్సర్ కణం పెరుగుదల ఆగుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ కోవకు చెందిన అమినోప్టెరిన్ అనే మందును రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో మెరుగుదలను గమనించినట్లు 1948లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూశారు.

అయితే ఆ మెరుగుదల తాత్కాలికమే అయింది. కొన్ని వారాలకో, నెలలకో వ్యాధి తిరగబెట్టేది. ఒక మందుకు లొంగని కణాలు కొన్ని ప్రతి గడ్డలోనూ మిగిలి ఉండటమే అందుకు కారణం. ఈ చిక్కును ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. కోటి కణాలున్న గడ్డలో ఒక మందు ప్రతి వెయ్యి కణాలలో 999 కణాలను చంపిందనుకుంటే ఇంకా పదివేల కణాలు మిగులుతాయి. వాటిపై వేరొక పద్ధతిలో పనిచేసే రెండో మందు అంతే శక్తితో పనిచేస్తే మిగిలేవి పది మాత్రమే. మూడోది కూడా తోడైతే ఒక్కటీ మిగలకపోవచ్చు. శరీరంలో వ్యవహారం ఇంత తేలికగా సాగదు కాని, కలయిక వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఒక మందు నుంచి తప్పించుకున్న కణం మరొక మందుకు దొరకాలి. అదే సమయంలో రెండు మందులూ రోగి శరీరంలో ఒకే అవయవాన్ని దెబ్బతీయకూడదు.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే ఇద్దరు వైద్యులు 1960వ దశకం ఆరంభంలో నాలుగు మందులను కలిపి పిల్లల రక్తక్యాన్సర్‌పై ప్రయోగించారు. ఆ నాలుగింటిలో ఒకటి సుబ్బారావు బృందం కృషి నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్. ఆ కలయిక ఇచ్చిన ధైర్యంతోనే 1970వ దశకంలో వైద్యులు చిన్న కణాల క్యాన్సర్‌పైనా మందుల మిశ్రమాలను ప్రయోగించారు. ఛాతీలో పెద్దగా ఎదిగిన గడ్డలు వారాలలో కరిగిపోవడం చూసి వారు విస్మయం చెందారు. వేగంగా విభజన చెందే కణాలే ఈ మందులకు త్వరగా లొంగుతాయి. అంటే వ్యాధికి బలమైన వేగమే దానికి బలహీనత కూడా అయింది.

మొక్క నుంచి ఒకటి, లోహం నుంచి ఒకటి

ఈ వ్యాధికి నాలుగు దశాబ్దాలుగా మూలస్తంభాలుగా నిలిచిన మందులు రెండు. వాటి పుట్టుక ఆసక్తికరమైనది.

మొదటిది సిస్‌ప్లాటిన్. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బాక్టీరియాపై విద్యుత్తు ప్రభావాన్ని పరిశీలిస్తున్నాడు. ఆ బాక్టీరియా విభజన చెందడం మానివేసి దారాలవలె పొడవుగా సాగాయి. కారణం విద్యుత్తు కాదని, విద్యుత్తును ప్రసరింపజేసిన ప్లాటినం పలకల నుంచి ద్రావణంలోకి చేరిన పదార్థమని తరువాత తేలింది. బాక్టీరియా విభజనను ఆపగలిగినది క్యాన్సర్ కణ విభజనను ఎందుకు ఆపదన్న ప్రశ్నే సిస్‌ప్లాటిన్‌కు దారితీసింది. 1978లో అది అమెరికాలో మందుగా అనుమతి పొందింది.

రెండవది ఎటోపొసైడ్. పోడోఫిల్లం జాతి మొక్కల వేరులో లభించే పదార్థాన్ని మార్పుచేసి దీనిని తయారుచేశారు. ఆ జాతిలో ఒక మొక్క హిమాలయ సానువుల్లో పెరుగుతుంది.

ఈ రెండూ కణంలోని డి.ఎన్.ఏ.నే లక్ష్యంగా చేసుకుంటాయి. కాని పనిచేసే తీరు వేరు. డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన వంటిది. సిస్‌ప్లాటిన్ ఆ నిచ్చెన భాగాలను ఒకదానికొకటి ముడివేసి విడిపోకుండా చేస్తుంది. విభజన సమయంలో నిచ్చెన మెలికలు విప్పడానికి ఒక ఎంజైము దానిని కత్తిరించి తిరిగి అతుకుతుంది. ఎటోపొసైడ్ కత్తిరింపును జరగనిచ్చి, అతుకును మాత్రం అడ్డుకుంటుంది. ముడులు ఒకపక్క, తెగిన ముక్కలు మరొకపక్క ఉండగా కణం మనుగడ సాగించలేదు. ఈ మందులను మూడు వారాలకు ఒకసారి చొప్పున సాధారణంగా నాలుగు నుంచి ఆరు విడతలు ఇస్తారు. నడుమ ఉన్న విరామంలో ఎముక మజ్జ కోలుకొని కొత్త రక్తకణాలను తయారుచేసుకుంటుంది.

మందుకు కిరణం తోడు

మందులతో గడ్డ కరిగినా చాలామందిలో వ్యాధి తిరిగి ఛాతీలోనే మొలకెత్తేది. మందు శరీరమంతటా తిరుగుతుంది కాని, కణాలు గుమిగూడి ఉన్న పెద్ద గడ్డ లోతులను పూర్తిగా శుభ్రం చేయలేదు. ఆ పనికి కిరణం సమర్థమైనది. కిరణం కూడా డి.ఎన్.ఏ.ను తెంచుతుంది. సిస్‌ప్లాటిన్ వల్ల తమను తాము మరమ్మతు చేసుకోలేని స్థితిలో ఉన్న కణాలపై ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. పరిమిత దశలో ఉన్న 2,140 మంది రోగుల వివరాలను, 13 పరీక్షల నుంచి సేకరించి 1992లో విశ్లేషించారు. మందులతోపాటు ఛాతీకి కిరణ చికిత్స పొందినవారిలో మూడేళ్ల తరువాత జీవించి ఉన్నవారు నూటికి 14 మంది; మందులు మాత్రమే పొందినవారిలో 9 మంది. అదనంగా బతికిన ఆ ఐదుగురే కలయికకు సాక్ష్యం.

తరువాతి ప్రశ్న సమయానికి సంబంధించినది. మందుల విడతలన్నీ ముగిశాక కిరణాలు ఇవ్వాలా, లేక రెండూ కలిపి ఇవ్వాలా? 1993లో కెనడా వైద్యులు ప్రకటించిన పరీక్షలో 308 మంది పాల్గొన్నారు. మూడో వారంలోనే కిరణ చికిత్స ప్రారంభించిన వర్గంలో ఐదేళ్లు జీవించినవారు నూటికి 20 మంది. పదిహేనో వారంలో ప్రారంభించిన వర్గంలో 11 మంది మాత్రమే. రెండు వర్గాలకూ ఇచ్చిన మందులు అవే. ఇచ్చిన కిరణాలూ అవే. మారినది సమయం ఒక్కటే.

మరొక ప్రశ్న మోతాదును విభజించే పద్ధతికి చెందినది. ఈ కణాలు నేటి దెబ్బకూ రేపటి దెబ్బకూ నడుమ కూడా పెరుగుతాయి. కాబట్టి రోజుకు ఒకసారి కాక రెండుసార్లు, చిన్నచిన్న మోతాదులలో కిరణాలు ప్రసరింపజేస్తే వాటికి కోలుకునే వ్యవధి దొరకదు. మోతాదు చిన్నది కావడంవల్ల పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలానికి శాశ్వతమైన హాని కొంత తగ్గుతుంది. 1999లో వెలువడిన అమెరికా పరీక్షలో 417 మంది పాల్గొన్నారు. రోజుకు ఒకసారి చొప్పున ఐదు వారాలు కిరణాలు పొందినవారిలో ఐదేళ్లు జీవించినవారు నూటికి 16 మంది కాగా, అదే మొత్తం మోతాదును రోజుకు రెండుసార్లు చొప్పున మూడు వారాలలో పొందినవారిలో 26 మంది ఉన్నారు.

ఈ లాభం ఊరికే రాలేదు. రెండుసార్ల పద్ధతిలో ఆహారవాహిక తీవ్రంగా పుండ్లుపడి మింగలేక బాధపడినవారు నూటికి 27 మంది. ఒకసారి పద్ధతిలో 11 మంది. పైగా రెండు మోతాదుల నడుమ కనీసం ఆరు గంటల విరామం ఉండాలి. ఆసుపత్రికి దూరంగా ఉన్న పల్లెనుంచి వచ్చే రోగికి అది రోజంతా గడిచే పని. అందుచేత ఐరోపా, కెనడా వైద్యులు ఎక్కువ మొత్తం మోతాదును రోజుకు ఒకసారి చొప్పున ఆరున్నర వారాలు ఇచ్చి, రెండు పద్ధతులనూ మళ్లీ పోల్చారు. 547 మందితో జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. రెండుసార్ల పద్ధతిలో ఐదేళ్లు జీవించినవారు నూటికి 34 మంది, ఒకసారి పద్ధతిలో 31 మంది. ఆ తేడాను నిర్ణయాత్మకమైనదిగా పరిగణించలేమని పరిశోధకులు తేల్చారు. ఈనాడు రోగి శక్తిని, సౌకర్యాన్ని బట్టి వైద్యులు ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకుంటారు.

మెదడుకు కాపలా

రక్తంలోని హానికర పదార్థాలు మెదడులోకి చొరబడకుండా ప్రకృతి ఒక అడ్డుగోడను ఏర్పరచింది. చాలా మందులు కూడా ఆ గోడను సులభంగా దాటలేవు. ఛాతీలో వ్యాధి నశించిన రోగులలోనూ మెదడులో దాగిన కణాలు తరువాత విజృంభించేవి. అందువల్ల మెదడులో వ్యాధి కనిపించకముందే స్వల్ప మోతాదులో కిరణాలు ప్రసరింపజేసే పద్ధతి వచ్చింది. చికిత్సకు పూర్తిగా లొంగిన 987 మంది వివరాలను 1999లో విశ్లేషించగా, ఈ ముందుజాగ్రత్తవల్ల మూడేళ్లు జీవించినవారు నూటికి 15 నుంచి 21కి పెరిగినట్లు తేలింది.

ఇక్కడ కూడా లాభనష్టాల తూకం తప్పదు. మెదడుకు తగిలే కిరణాలు కొందరిలో జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయి. విస్తృత దశలోని రోగులకు తరచుగా ఎం.ఆర్.ఐ. పరీక్షలు చేస్తూ, వ్యాధి కనిపించినప్పుడే కిరణాలు ఇచ్చినా ఆయుష్షులో నష్టం లేదని 2017లో జపాన్ వైద్యులు ప్రకటించారు. అప్పటినుంచి ఈ నిర్ణయాన్ని రోగితో చర్చించి తీసుకోవడం పరిపాటి అయింది.

శరీరమే తోడైనప్పుడు

రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు శరీరంలో చేరిన అన్యకణాలను గుర్తించి చంపుతాయి. క్యాన్సర్ కణాలలో కొన్ని తమ ఉపరితలంపై ఒక ప్రోటీనును ప్రదర్శించి, టి-కణాలను నిలువరిస్తాయి. దొంగ కాపలావాడికి తప్పుడు గుర్తింపు చీటీ చూపినట్లు ఇది జరుగుతుంది. ఆ చీటీని కప్పివేసే మందులు వచ్చాయి. ఈ విధమైన చికిత్సకు మూలమైన పరిశోధనలకు జేమ్స్ అలిసన్, తసుకు హొంజో 2018లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

అదే సంవత్సరం విస్తృత దశ రోగులకు పాత మందులతోపాటు అటెజొలిజుమాబ్ అనే ఇటువంటి మందును కలిపి ఇచ్చిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. రోగులలో సగంమంది జీవించి ఉన్న కాలం 10.3 నెలల నుంచి 12.3 నెలలకు పెరిగింది. రెండు నెలలు స్వల్పంగా తోచవచ్చు. కాని అంతకుముందు రెండు మూడు దశాబ్దాలపాటు విస్తృత దశలో ఇంతమాత్రం పురోగతి కూడా అరుదే.

పరిమిత దశలో మరింత పెద్ద ఫలితం 2024లో కనిపించింది. మందులు, కిరణాలు కలిపి ఇచ్చిన తరువాత దుర్వాలుమాబ్ అనే మందును నెలకొకసారి చొప్పున రెండేళ్ల వరకు కొనసాగించారు. రోగులలో సగంమంది జీవించి ఉన్న కాలం 33.4 నెలల నుంచి 55.9 నెలలకు చేరింది. టి-కణాన్ని ఒక చేత, క్యాన్సర్ కణాన్ని మరొక చేత పట్టుకొని రెండింటినీ దగ్గరకు చేర్చే టార్లటమాబ్ అనే మందుకు కూడా అమెరికా అదే సంవత్సరం అనుమతినిచ్చింది. అయితే ఈ కొత్త మందుల ధర సామాన్య కుటుంబానికి మోయలేని భారం. శాస్త్రం సాధించినది రోగి గుమ్మం చేరినప్పుడే ఆ సాధనకు సార్థకత.

రోగి పక్షాన

సంయుక్త చికిత్సలో బలం కలిసినట్లే బాధ కూడా కలుస్తుంది. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీయగలదు. అందువల్ల మందుకు ముందూ వెనుకా సెలైన్ ఎక్కిస్తారు. ఆ మందువల్ల కలిగే తీవ్రమైన వాంతులకు భయపడి ఒకప్పుడు కొందరు చికిత్సే మానుకునేవారు. 1990వ దశకంలో వచ్చిన మందులు ఆ బాధను చాలావరకు అదుపుచేశాయి. తెల్ల రక్తకణాలు తగ్గిన రోజులలో జ్వరం వస్తే అది సామాన్య జ్వరం కాదు. రాత్రి అయినా ఆసుపత్రికి చేరవలసినదే. ఆహారవాహిక పుండ్లుపడినప్పుడు కారం, పులుపు, వేడి పదార్థాలు మాని, చల్లారిన జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, మజ్జిగ వంటివి కొద్దికొద్దిగా తీసుకోవాలి. బాధ ఓర్వలేక కిరణ చికిత్సను నడుమ ఆపితే కణాలు ఆ విరామంలో పుంజుకుంటాయి. కాబట్టి చికిత్సను గడువు తప్పకుండా పూర్తిచేయించడంలో కుటుంబసభ్యుల పాత్ర వైద్యుల పాత్రకు తీసిపోదు.

పొగ మానడం కూడా చికిత్సలో భాగమే. వ్యాధి వచ్చాక మాని ప్రయోజనమేమిటని కొందరు అనుకుంటారు. అది సరికాదు. చికిత్స కాలంలో పొగ కొనసాగించినవారికంటే మానినవారు ఎక్కువకాలం జీవిస్తున్నట్లు పరిశీలనలు తెలుపుతున్నాయి.

నయం చేయలేని దశలో కూడా వైద్యుని పని ముగియదు. నొప్పిని, ఆయాసాన్ని తగ్గించి, శేషించిన రోజులను ప్రశాంతంగా గడిపేటట్లు చూడటం ఉపశమన చికిత్స లక్ష్యం. 1955లో హైదరాబాదులో స్థాపితమైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ వంటి ప్రభుత్వ ఆసుపత్రులు పేదలకు ఇటువంటి సేవలు అందిస్తున్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ శస్త్రచికిత్స, మందులు, కిరణ చికిత్స చేరడంవల్ల ఎందరో పేదలకు ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి.

మూలం వద్దనే నివారణ

చిన్న కణాల క్యాన్సర్ వచ్చినవారిలో నూటికి తొంభైమందికి పైగా పొగ తాగినవారే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పొగాకుకూ గల సంబంధాన్ని 1950లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్, అమెరికాలో ఎర్న్‌స్ట్ విండర్, ఎవార్ట్స్ గ్రాహం వేర్వేరుగా నిరూపించారు. ఈ గ్రాహం మరెవరో కాదు. 1933లో క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని విజయవంతంగా తొలగించిన శస్త్రవైద్యుడే. ఆయన స్వయంగా సిగరెట్లు తాగేవాడు. తన పరిశోధనతోనే కళ్లు తెరిచి ఆ అలవాటు మానాడు. కాని అప్పటికే ఆలస్యమైంది. 1957లో ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే మరణించాడు.

తెలుగునేలకు ఈ విషయంతో ఉన్న అనుబంధం చిన్నది కాదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో పొగాకు వేలాది రైతు కుటుంబాలకు జీవనాధారం. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్రస్థానం గుంటూరే. చుట్ట, బీడీ పల్లె జీవితంలో తరతరాలుగా పాతుకుపోయాయి. అందువల్ల పొగాకు సమస్యను నిషేధాజ్ఞలతో మాత్రమే తీర్చలేము. రైతుకు ప్రత్యామ్నాయ పంట, యువకునికి అవగాహన రెండూ అవసరం. 2003 నాటి చట్టం పద్దెనిమిదేళ్లలోపువారికి పొగాకు ఉత్పత్తుల విక్రయాన్ని నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ ప్రదేశాలలో పొగతాగడంపై నిషేధం అమలులోకి వచ్చింది. చట్టానికి కూడా సంయుక్త చికిత్స సూత్రమే వర్తిస్తుంది. ఇల్లు, పాఠశాల, ప్రభుత్వం ఒకే సమయంలో పూనుకున్నప్పుడే ఫలితం కనిపిస్తుంది.

కత్తితో మొదలైన ప్రయత్నం మందును, కిరణాన్ని, చివరికి శరీరపు సహజరక్షణ శక్తిని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ వచ్చింది. పరిమిత దశలో ఐదేళ్లు జీవించేవారి సంఖ్య నూటికి 16 నుంచి 34 వరకు చేరడానికి అనేక దేశాల వైద్యులు, ఆ పరీక్షలలో స్వచ్ఛందంగా పాల్గొన్న వేలాది రోగులు కారకులు. ఆ రోగులలో అనేకులు తమకు దక్కని ఆయుష్షును తరువాత వచ్చేవారికి ఇచ్చివెళ్లారు. మిగిలిన అరవై ఆరుమంది మాట ఇంకా తేలవలసే ఉంది. ఆ పని వైద్యశాస్త్రానిది. కాని వారిలో అధికశాతం ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కవలసిన అవసరమే లేకుండా చేయడం, తొలి సిగరెట్టును చేతిలోకి తీసుకోని ప్రతి యువకునికీ సాధ్యమే.